శాలువా కింద కోడి

కోళ్ళు ఇంటికొచ్చిన రోజు సాయంత్రం అవి అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. చెల్లెలు మూతలు తెరిచి, పెట్టెను పక్కకి వంచి, దాణా గిన్నె ఎదురుగా పెట్టింది. అయినా నాలుగూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, మెడలు మాత్రం ముందుకు చాచి, ఉన్నచోటే నిలబడిపోయాయి.

"చచ్చిపోతాయేమోనే," అంది కంగారమ్మ.

"పెట్టె దిగనన్నా దిగలేదు, అప్పుడే చంపేస్తున్నావా అక్కా?" అంది చెల్లెలు.

కంగారమ్మ అసలు పేరు అది కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు అది. అది పుట్టింటి నుంచి అత్తింటికి ఆమెతోపాటే వచ్చింది. పొయ్యి ఆపానా లేదా అని వీధి చివర్నుంచి వెనక్కి వచ్చే మనిషి. భర్త ఫోన్ ఎత్తకపోతే అతను నడిపే స్కూలు బస్సు ఏ కాలవలో పడిందో అని ఊహించుకునే మనిషి. "నీ పొట్టకో సంచీ ఉంటే చాలు, టికెట్టు పెట్టి జనానికి చూపించొచ్చు," అని భర్త వేళాకోళం చేసేవాడు. ఆమె ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో కూర్చుని అద్దాలను ఫ్రేములకు తగ్గట్టు అరగదీసేది. ఆ పనిలో మాత్రం ఆమె కంగారు కలిసొచ్చింది. ఒకటికి నాలుగుసార్లు చూసుకోనిదే ఏ అద్దాన్నీ సానరాయి దగ్గరికి తీసుకెళ్ళేది కాదు.

చెల్లెలిది పశువుల ఆసుపత్రిలో సహాయకురాలి ఉద్యోగం. ఊరి బయట గుడ్ల ఫారాల్లో పంజరాల్లో పెట్టి పెంచే కోళ్ళకు గుడ్లు తగ్గగానే షెడ్డు మొత్తం ఖాళీ చేసి కోతకు పంపేస్తారు. అలా పంపే ముందు చెల్లెలూ ఆమె స్నేహితులూ యజమానిని బతిమాలి కొన్నింటిని తెచ్చి, పెరడున్న ఇళ్ళలో పెంచుకోవడానికి ఇచ్చేవాళ్ళు. "నాలుగే అక్కా. నీ పెరడు ఊరికే గడ్డి పెంచుతోంది. గుడ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకు," అని ఫోన్లో వెంటపడి ఒప్పించింది. ఒప్పుకున్నాక కంగారమ్మకు నిద్ర పట్టలేదన్నది వేరే సంగతి.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని పెరట్లోకి వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది. మెడల మీద ఈకల్లేవు. రెక్కల కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ముక్కుల కొసలు కోసేసి ఉన్నాయి. తలమీది తురాయిలు వెలిసిపోయి, వాడిన ఆకుల్లా ఒక పక్కకి వాలి ఉన్నాయి.

"ఇవేం కోళ్ళమ్మా! పొయ్యి మీదికి వెళ్తూ వెళ్తూ మధ్యలో లేచొచ్చినట్టున్నాయి," అంది.

"అత్తయ్యా, వినిపిస్తుంది వాటికి," అంది కంగారమ్మ.

"వినపడితే మంచిదే. కాస్త సిగ్గుపడి ఈకలు పెంచుకుంటాయి."

గూడు కట్టిపెట్టింది పక్కింటి పెద్దాయన. టెలిఫోను తీగల పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మేడ మీద పావురాలతోనే కాలం గడుపుతూ ఉండేవాడు. పాత తలుపు చెక్కలు కోసి, కోళ్ళు ఎక్కి కూర్చోవడానికి అడ్డకర్ర వేసి, పిల్లి దూరకుండా అడుగున జాలీ కొట్టి, చెమటలు కక్కుతూ రెండు సెలవురోజులు ఆ పని చేశాడు. కంగారమ్మ ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేది. ఇంత చేసినా ఆ కోళ్ళు అడ్డకర్ర ఎక్కలేదు. ఎక్కడం వాటికి తెలియదు. విశాలమైన గూటిలో ఓ మూల, పంజరంలో ఉన్నంత చోటులోనే, నాలుగూ ఇరుక్కుని పడుకునేవి.

నేల మీద నడవడం నేర్చుకోవడానికే వాటికి చాలా రోజులు పట్టింది. గాలికి ఆకు కదిలితే బెదిరేవి. ఒకసారి కంగారమ్మ వానపామును పట్టి ముందు వేస్తే నాలుగూ కేకలు పెడుతూ గూట్లోకి పరుగెత్తాయి. వాటి భయాలను కనిపెట్టుకుని ఉండటం ఆమెకు రెండో ఉద్యోగమైంది. రెట్ట రంగు చూసేది, నీళ్ళు ఎంత తాగాయో చూసేది, పొద్దున్న గూటి తలుపు తీసే ముందు చెవి ఆనించి లోపల అలికిడి ఉందో లేదో వినేది.

ఒక మధ్యాహ్నం అన్నింటికన్నా చిన్నది, ఒంటి మీద ఈకలు దాదాపు లేనిది, పొడిమట్టిలో పక్కకి పడిపోయి రెక్కలు కొట్టుకోసాగింది. కాళ్ళు గాలిలో తన్నుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. కంగారమ్మ చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఫిట్స్ వచ్చాయే! కొట్టుకుంటోంది! నోట్లో మట్టి కూడా పోతోంది!"

"వీడియో పెట్టు," అంది చెల్లెలు. చూసి పగలబడి నవ్వింది. "స్నానం చేస్తోందే అక్కా! కోళ్ళు మట్టిలోనే స్నానం చేస్తాయి. పుట్టాక ఇదే మొదటిసారి అయ్యుంటుంది. నువ్వు పక్కకి తప్పుకో, మర్యాద కాదు."

ఆ చిన్నదానికి అత్తగారు బోడి అని పేరు పెట్టింది. "పెంపకం మీది, నాకేం సంబంధం?" అని అంటూనే రోజూ పెరట్లో కుర్చీ వేయించుకునేది. బోడి ఆ కుర్చీ కింద చేరేది. అత్తగారు చెప్పుల్లోంచి కాలివేళ్ళు కదిపితే అవి పురుగులనుకుని పొడిచేది. "చూడు దీని పొగరు," అని తిట్టేది కానీ కాలు తీసేది కాదు. మెల్లగా బోడి మెడ మీద ముళ్ళలాంటి కొత్త ఈకలు మొలిచాయి. అప్పుడప్పుడు ఒక గుడ్డు కూడా పెట్టేది, పెంకు పల్చగా, గరుగ్గా.

చలి మొదలవుతున్న రోజుల్లో ఆ వార్త వచ్చింది. ఊరికి అవతల ఒక పెద్ద ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. మైకు కట్టిన బండి వీధివీధీ తిరిగింది. ఇంట్లో పక్షులు పెంచుకునేవాళ్ళు వాటిని బయటికి వదలకూడదు. జబ్బు చేసినా, చచ్చినా వెంటనే చెప్పాలి. జబ్బు ఖాయమైతే ఆ ఇంటి పక్షులనూ, చుట్టుపక్కల ఇళ్ళలోని పక్షులనూ కూడా తీసుకెళ్ళి చంపేస్తారు.

బండి వెళ్ళిపోయాక కంగారమ్మ గోడ మీదుగా పక్కింటి మేడ వైపు చూసింది. పెద్దాయన అప్పటికే పావురాల గూళ్ళకు వలలు బిగిస్తున్నాడు.

"మన జాగ్రత్తలో మనం ఉంటే ఏం కాదమ్మా," అన్నాడు పైనుంచి. "నీ కోళ్ళకి, నా పావురాలకి మధ్య ఈ గోడేగా. ఏదన్నా తేడా వస్తే ముందు నాకు చెప్పు."

"అయ్యో, చెప్పకుండా ఉంటానా బాబాయ్ గారూ?"

భర్త స్కూల్లో పారేసిన ఆటల వల ఒకటి తెచ్చి గూడు చుట్టూ కట్టాడు. కంగారమ్మ పెరట్లోకి వేరే చెప్పులు పెట్టింది. చేతులు కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలాయి. దుకాణంలో ఎవరు తుమ్మినా ఉలిక్కిపడేది.

ఒకరోజు పొద్దున్న గూటి తలుపు తీస్తే మూడే బయటికి వచ్చాయి. బోడి లోపల మూలన ఉబ్బిన బంతిలా నిలబడి ఉంది. తోక కిందికి వాల్చి, కళ్ళు సగం మూసుకుంది. దాణా చూపిస్తే ముక్కు తిప్పుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది.

కంగారమ్మ మాస్కు వేసుకుని, చేతులకు కవర్లు తొడుక్కుని బోడిని వేరే పెట్టెలోకి మార్చి చెల్లెలికి ఫోన్ చేసింది.

"తుమ్ముతోందా? తల వాచిందా? తురాయి నీలంగా ఉందా?" చెల్లెలి గొంతులో నవ్వు లేదు.

"లేదు. కొంచెం... ఏమో, నాకు అన్నీ నీలంగానే కనిపిస్తున్నాయి."

"అక్కా, మామూలు రోజుల్లో అయితే నేనే వచ్చి చూసేదాన్ని. ఇప్పుడు ఆసుపత్రి నుంచి నేరుగా పక్షులున్న ఇంటికి రాకూడదు. నువ్వు పశువుల శాఖ ఆఫీసులో చెప్పు. నంబరు పంపిస్తా."

"చెప్తే తీసుకెళ్ళిపోతారేమో. నాలుగింటినీ. బాబాయ్ గారి పావురాల్ని కూడా."

"తెలుసు," అంది చెల్లెలు. "అయినా చెప్పాలి."

వంటింట్లో ముగ్గురూ నిలబడ్డారు. భర్త బస్సు తాళాలు చేతిలో ఆడిస్తూ, "సాయంత్రం దాకా చూద్దాం. ఒట్టి జలుబేమో," అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దు," అంది అత్తగారు. "ఆ పంజరంలోంచి బతికి బయటపడింది. మళ్ళీ మనమే పిలిచి అప్పజెప్పాలా? మనిషికి ఒంట్లో బాగోకపోతే ఇంట్లో పడుకోడా? అలాగే పడుకుంటుంది."

"అది కాదత్తయ్యా..."

"ఏది కాదు? నీకు పొద్దున లేస్తే భయమే. దీనికి కూడా భయపడి దాని ప్రాణం తియ్యకు."

కంగారమ్మ దుకాణానికి వెళ్ళింది. ఆ రోజు ఒక ముసలాయన చదువుకునే కళ్ళజోడుకు అద్దం కోస్తోంది. గీత పెట్టింది, చూసుకుంది, మళ్ళీ చూసుకుంది. రాయి మీద పెట్టాక బోడి తోక ఊగడం కళ్ళకు కట్టింది. చేతిలో అద్దం పక్కకి జారింది. అంచు పోయింది. దుకాణం యజమాని వచ్చి చూసి ఆశ్చర్యపోయాడు.

"నీ చేతిలో అద్దం పోవడం ఎప్పుడన్నా చూశానా నేను? ఇంట్లో ఏమన్నా అయిందా?"

"కోడికి బాలేదండీ," అంది. అనగానే నోరు మూసుకుంది. ఆయన అది వేళాకోళం అనుకుని, "సరే, వెళ్ళి కోడికి పత్యం పెట్టు," అని మధ్యాహ్నం సెలవిచ్చాడు.

ఇంటి మలుపు తిరగగానే పక్కింటి గేటు దగ్గర పెద్దాయన గింజల సంచీ విప్పుతూ కనిపించాడు.

"ఏమ్మా, ఇవాళ తొందరగా వచ్చేశావ్? కోళ్ళు బాగున్నాయా?"

"బాగున్నాయి బాబాయ్ గారూ," అంది కంగారమ్మ.

తన గేటు గడియ మీద చెయ్యి పెట్టింది కానీ తీయలేకపోయింది. ఆయన ఆమె మాట నమ్మి గింజలను దోసిట్లోకి తీసుకుంటున్నాడు. ఆ చేతులతోనే గూటికి మేకులు కొట్టాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చి, ఆయనకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

"అబద్ధం చెప్పాను బాబాయ్ గారూ. ఒకదానికి పొద్దుట్నుంచి బాలేదు. తినట్లేదు. ఏం జబ్బో తెలీదు."

పెద్దాయన దోసిట్లోని గింజలు అలాగే ఉన్నాయి. "పొద్దుట్నుంచా?" అన్నాడు. "పొద్దుట్నుంచి తెలిసి, ఇప్పుడా చెప్పడం? నేను ఇందాకే నీ గోడ మీద చేతులానించి నీ అత్తగారితో మాట్లాడి, ఆ చేతుల్తోనే పావురాలకి నీళ్ళు పెట్టానమ్మా!"

"ఇప్పుడే ఆఫీసుకి ఫోన్ చేస్తాను..."

"చెయ్యి! అన్నీ పోయాక చెయ్యి!" గింజలు నేలపాలు చేసి లోపలికి పోయాడు. తలుపు ధడాలున పడింది. కంగారమ్మ అక్కడే వీధిలో నిలబడి, చెల్లెలు పంపిన నంబరు నొక్కింది. పేరు, చిరునామా, ఎన్ని కోళ్ళు, ఎప్పటి నుంచి, చుట్టుపక్కల ఇంకేవైనా పక్షులున్నాయా అని అడిగారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్తూ పక్కింటి మూసిన తలుపు వైపు చూడలేకపోయింది.

ఫోన్ పెట్టేలోపే మేడ మీద రెక్కల చప్పుడు. పెద్దాయన వలలు కోసి గూళ్ళన్నీ తెరిచేశాడు. గుడ్డ కట్టిన కర్రతో పావురాలను తోలుతున్నాడు. "పొండి! ఎటైనా పొండి!" అని అరుస్తున్నాడు. అవి గుంపుగా లేచి, ఇంటిమీద ఒక చుట్టు చుట్టి, మళ్ళీ అదే పిట్టగోడ మీద వాలాయి. ఆయన కర్ర విసిరాడు. మళ్ళీ లేచాయి, మళ్ళీ వాలాయి. వీధిలో జనం తలలెత్తి చూస్తున్నారు. చివరికి ఆయన చేతికందిన కంకర రాళ్ళు విసిరితే కొన్ని చెదిరిపోయి నీళ్ళ ట్యాంకుల అవతలికి ఎగిరిపోయాయి.

ఆఫీసు బండి వచ్చేసరికి కంగారమ్మ గేటు దగ్గరే ఉంది. తెల్లటి సూట్లు, కళ్ళకు అద్దాలు, చేతులకు పొడుగు గ్లౌజులు వేసుకుని ఇద్దరు దిగారు. ఒకామె పశువుల డాక్టరు. ఇంకొకతను ఆమె సహాయకుడు. వాళ్ళను పెరట్లోకి తీసుకెళ్ళి చూస్తే గూటిలో మూడు కోళ్ళున్నాయి. బోడిని పెట్టిన పెట్టె ఖాళీగా ఉంది.

"నాలుగన్నారు ఫోన్లో?" అంది డాక్టరు.

"మూడే," అంది అత్తగారు కుర్చీలోంచి. "ఇంకోదాన్ని నిన్నే పిల్లి ఎత్తుకుపోయింది. మా కోడలికి కంగారెక్కువ, లెక్క తప్పుతుంది."

ఎండ పెరడంతా పరుచుకుని ఉంది. ఆ ఎండలో అత్తగారు మెడ దాకా ఉన్ని శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. రెండు చేతులూ శాలువా లోపలే ఉన్నాయి. నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. కంగారమ్మకు ఒక్కసారిగా అర్థమైంది. బోడికి ఆ జబ్బే అయితే, దాని ఊపిరి ఇప్పుడు అత్తగారి ఛాతీ మీదే తగులుతోంది. పావురాలు, కోళ్ళు అన్నీ ఆమె మనసులోంచి పోయి ఆ ఒక్క భయమే మిగిలింది.

"అత్తయ్యా," అంది. "ఇచ్చెయ్యండి."

"ఏమివ్వాలి?"

"అది మీ ఒళ్ళో ఉంది. అత్తయ్యా, మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను. ఇచ్చెయ్యండి."

అత్తగారు కోడలి వైపు చూసిన చూపు మామూలుది కాదు. కొట్టినట్టు ఉంది. శాలువాలో కదలిక కనపడింది. డాక్టరు ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామ్మగారూ, ఈ ఎండలో శాలువా ఎందుకు చెప్పండి? నేను చంపడానికి రాలేదు. చూడటానికి వచ్చాను. చూడనివ్వండి."

అత్తగారి చేతులు బయటికొచ్చాయి. బోడి వాటి మధ్య కళ్ళు మూసుకుని ఉంది. డాక్టరు దాన్ని అందుకుని, అత్తగారికి వెంటనే మాస్కు ఇప్పించి, చేతులూ మొహమూ కడుక్కోమని పంపింది. తర్వాత బోడి పొట్ట కింద వేళ్ళు పెట్టి నెమ్మదిగా తడిమింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ గట్టిగా తగుల్తోంది. గుడ్డు ఇరుక్కున్నట్టుంది. పంజరాల్లో ఆగకుండా గుడ్లు పెట్టి పెట్టి, ఒంట్లో సున్నం అయిపోతుంది వీటికి."

"అయితే బర్డ్ ఫ్లూ కాదా డాక్టరుగారూ?" భర్త అప్పుడే బస్సు వదిలి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"రెండూ ఒకేసారి ఉండకూడదని ఏం లేదుగా. పరీక్ష రావాలి." నాలుగు కోళ్ళ నోళ్ళలోంచీ దూదిపుల్లలతో నమూనాలు తీసింది. "ఫలితం వచ్చేదాకా ఎవరూ గేటు దాటొద్దు. మీరు బస్సు ఎక్కొద్దు. పక్కింటాయన పావురాలు కూడా చూడాలి. అన్నట్టు, వాటిని వదిలేసిందెవరు? జబ్బే ఉంటే ఊరంతా పంచినట్టు కాదా?"

వెళ్ళే ముందు డాక్టరు బోడికి సున్నం మందు ఒక చుక్కల సీసా ఇచ్చింది. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో పొట్ట మునిగేలా కూర్చోబెట్టమనీ, మాస్కులు, గ్లౌజులు తియ్యొద్దనీ చెప్పింది. "బతుకుతుందని చెప్పలేను," అంది.

స్నానాల గదిలో బట్టలు నానబెట్టే తొట్టిలో కంగారమ్మ నీళ్ళు పోసింది. అత్తగారు వచ్చి పీట మీద కూర్చుంది.

"మీరు లోపలికి వెళ్ళండి అత్తయ్యా."

"ఎలాగూ అంటుకునేదేదో అంటుకునే ఉంటుంది. నేనే పట్టుకుంటా." కాసేపాగి అంది, "పరాయివాళ్ళ ముందు నన్ను దొంగని చేశావ్."

కంగారమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి నీళ్ళ వేడి చూసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా నీళ్ళ మాటలే నడిచాయి. "చల్లారాయి." "పోస్తున్నా." "వేడెక్కువైంది." "చన్నీళ్ళు కలుపుతా." బోడి మెడ అత్తగారి మణికట్టు మీద వాలి ఉంది. దాని ఊపిరి ఆగిందేమోనని కంగారమ్మ వంగి చూడటం, ఆగలేదని అత్తగారు తల ఆడించడం, ఇదే చాలాసేపు సాగింది. నడుము నొప్పి పుట్టినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

చీకటి పడక ముందే బోడి ఒక్కసారి ఒళ్ళంతా బిగించింది. రెక్కలు నీళ్ళను కొట్టాయి. అత్తగారు "అమ్మాయ్, అమ్మాయ్!" అని అరిచింది. నీళ్ళలోకి మెత్తటి తోలుగుడ్డు ఒకటి జారింది, పెంకు లేకుండా, తడిసిన సంచీలా. బోడి నోరు తెరుచుకుని రొప్పింది. తర్వాత తల వంచి ఆ తొట్టిలో నీళ్ళే రెండు గుక్కలు తాగింది.

"ఛీ, మురికినీళ్ళు!" అంది అత్తగారు. అని మాస్కు కిందే నవ్వింది, కళ్ళు తడిసిపోతుండగా. "ఈ వయసులో నాతో పురుడు పోయించావు కదే ముండా."

కంగారమ్మ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు లేదు. డాక్టరు అన్న మాట గుర్తొచ్చింది. రెండూ ఉండొచ్చు.

ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు ఆమెకు జీవితంలో అన్నింటికన్నా పొడవుగా గడిచాయి. అత్తగారు దగ్గితే పరుగెత్తుకెళ్ళేది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. "జ్వరం రావాలని మొక్కుకున్నావా ఏంటి? తియ్యి చెయ్యి," అని ఆవిడ విసుక్కునేది. భర్త ఇంట్లో పంజరంలో పులిలా తిరుగుతుండేవాడు. స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసి, మా పిల్లలు మీ బస్సులోనే కూర్చున్నారు కదా అని అడిగేవాళ్ళు. అతను ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా చెప్పేవాడు, ఫోన్ పెట్టాక గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. సరుకులు గేటు దగ్గర పెట్టి, కేకేసి వెళ్ళిపోయేవాళ్ళు. పక్కింటి మేడ మీద పెద్దాయన కనిపించేవాడు. ఆకాశంలోకి చూస్తుండేవాడు తప్ప ఇటు చూసేవాడు కాదు.

డాక్టరు ఫోన్ వచ్చినప్పుడు కంగారమ్మ గిన్నెలు కడుగుతోంది. తెర మీద నంబరు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. భర్తే ఎత్తి స్పీకరు నొక్కాడు.

"జబ్బు లేదు. నాలుగూ శుభ్రం. పక్కింటి పావురాలు కూడా," అంది డాక్టరు. ఇంకా ఏదో చెప్తోంది, వల తీయొద్దనీ ఏదో. కంగారమ్మకు వినపడలేదు. సబ్బు చేతులతోనే వంటింటి నేల మీద కూలబడింది.

"ఏమంది? ఏమంది ఆవిడ?" లోపలి గదిలోంచి అత్తగారు అరుస్తోంది.

"ఏం లేదట అమ్మా!" అన్నాడు భర్త.

అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి, కోడలిని చూసి, తనూ అతి కష్టం మీద ఆమె పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో ఆమె చేతుల సబ్బు తుడిచింది. "చెప్పడమే మంచిదయింది," అంది, ఎవరికో కబురు చెప్తున్నట్టు ఎటో చూస్తూ. ఆ మాట ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అనలేదు. కంగారమ్మ కూడా అడగలేదు.

పెద్దాయన పావురాలు చాలా వరకు వదిలేసిన రోజే పొద్దుగూకేలోపు తిరిగొచ్చాయి. బూడిదరంగు మెడ ఉన్న ఒక జంట మాత్రం రాలేదు. వాటిని ఆయన భార్య ఉన్నప్పుడు తెచ్చుకున్నారట. ఆ సంగతి కంగారమ్మకు వీధిలో ఇంకొకరు చెప్పారు. వెళ్ళి గేటు దగ్గర నిలబడి, "తప్పు నాదే బాబాయ్ గారూ, పొద్దున్నే చెప్పాల్సింది," అంది.

"రాళ్ళు విసిరింది నేనే," అన్నాడాయన. "నిన్ను అని ఏం లాభం." అన్నాడే కానీ గేటు తీయలేదు. ఆ చలికాలమంతా ఎదురుపడితే తల పంకించడమే తప్ప మాట లేదు.

బోడి అప్పటికి గండం గట్టెక్కింది కానీ దాని ఒళ్ళు మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. ఇంకో రెండుసార్లు గుడ్డు ఇరుక్కుంది. రెండుసార్లూ తొట్టి, వేడినీళ్ళు, అత్తగారి చేతులు. మొదటిసారి తర్వాత ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. బోడి ముడుచుకుని నిలబడితే చాలు, ఒకరు నీళ్ళు కాచేవారు, ఒకరు పీట వేసేవారు. ఎండలు ముదిరాక ఒక ఉదయం కుర్చీ కింద నీడలో పడుకుని మళ్ళీ లేవలేదు. ఒంటి నిండా ఈకలున్నాయి అప్పటికి. ముదురు గోధుమరంగు ఈకలు, మెడ దగ్గర కొంచెం బంగారం కలిసినవి. అత్తగారు ఆ కుర్చీని కొన్నాళ్ళు పెరట్లో వేయనివ్వలేదు.

మిగిలిన మూడూ అడ్డకర్ర ఎక్కడం నేర్చుకున్నాయి. వానపాములంటే ఇప్పుడు కొట్టుకుచస్తున్నాయి.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. కంగారమ్మ వెళ్ళి చూస్తే పెద్దాయన. రెండు అరచేతుల మధ్య ఒక పావురాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని ఉన్నాడు. దాని రెక్క ఒకటి కిందికి వేలాడుతోంది. ఆయన గెడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు.

"తీగ తగిలిందో, గద్ద తన్నిందో," అన్నాడు. "మీ చెల్లెలు ఇవాళ ఆసుపత్రిలో ఉంటుందా అమ్మా? నాకక్కడ ఎవరూ తెలీదు."

కంగారమ్మకు ఎప్పటిలాగే దారిలో చచ్చిపోతుందేమో అనిపించింది. ఆసుపత్రి మూసి ఉంటుందేమో, ఆయనకే కళ్ళు తిరిగి పడిపోతాడేమో అని కూడా.

"ఉంటుంది బాబాయ్ గారూ. ఒక్క క్షణం," అని లోపలికి పరుగెత్తి, అట్టపెట్టె ఒకటి వెతికి, అడుగున మెత్తటి గుడ్డ పరిచి తెచ్చింది. ఆయన వంగి పావురాన్ని అందులో దించుతుంటే అది గిలగిల్లాడింది. కంగారమ్మ దాని రెక్క నలక్కుండా కింద చెయ్యి పెట్టింది.

"మెల్లిగా," అన్నాడాయన.

"పట్టుకున్నాను," అంది ఆమె. భర్త బండి తీయడానికి తాళాలు వెతుక్కుంటున్నాడు. లోపల్నుంచి అత్తగారు, "ఆ పెట్టెకి గాలి కంతలు పెట్టారా?" అని అరుస్తోంది.